తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని

అమెరికాలో కార్ల కంపెనీలు ఇంజిన్ కంప్యూటర్లకు తాళాలు బిగించేస్తున్నాయని ఎవరైనా వాపోతే జవాబు సిద్ధంగా ఉంటుంది. మంచిదే కదా, ఆ ట్యూనింగ్ కుర్రాళ్లు నల్లపొగ వదులుతూ, చెవులు చిల్లులు పడేలా రోడ్లమీద తిరగడానికే కదా కంప్యూటర్‌తో ఆటలాడేది. గాలి పాడవుతుంది, ఇంజిన్ పాడవుతుంది, పైగా హ్యాకర్లు దూరతారు. తాళం వేస్తే పీడా విరగడవుతుంది! డెట్రాయిట్ చుట్టూ నోవై, ట్రాయ్, కాంటన్ లాంటి ఊళ్లలో స్థిరపడి, ఈ పరిశ్రమ అన్నమే తింటున్న మన తెలుగు ఇంజినీర్ల విందుల్లోనూ తరచుగా వినబడే మాట ఇదే. వినడానికి ఎంతో బాధ్యతగా ఉంటుంది. కానీ ఇందులో ఏ కారణాన్ని పట్టుకుని గట్టిగా లాగినా చేతికి ఊడి వస్తుంది.

ముందు తాళం దేనికి పడిందో చూడాలి. కారు కొని సొంత చేతులతో దాన్ని మార్చుకోవడం అమెరికాలో నిన్న మొన్నటి సరదా కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే దక్షిణ కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల మీద కుర్రాళ్లు పాత ఫోర్డులను విప్పి, బిగించి, పరుగెత్తించేవారు. 1948లో వాళ్లకోసం ‘హాట్ రాడ్’ పత్రిక పుట్టింది. 1963లో వేగం పెంచే విడిభాగాల తయారీదారులు ‘సీమా’ అనే సంఘం పెట్టుకున్నారు. అప్పట్లో పనిముట్లంటే స్క్రూడ్రైవరూ, కార్బ్యురేటర్‌లో మార్చే చిన్న చిన్న ఇత్తడి జెట్లూ. 1980లలో ఇంజిన్‌కి కంప్యూటర్ తోడయింది. చిప్పు ఊడదీసి వేరే చిప్పు పెట్టారు. 1996 మోడళ్ల నుంచి ప్రతి కారుకూ ఓబీడీ-2 పోర్టు తప్పనిసరి అయ్యాక, స్టీరింగ్ కింద దానికి కేబుల్ తగిలించి ల్యాప్‌టాప్‌తోనే పని కానిచ్చారు.

ఆ పని ఎలా ఉంటుందో చూడనివాళ్లే దాన్ని ఎక్కువగా తిడతారు. కారును, చక్రాల దగ్గర శక్తి కొలిచే డైనో రోలర్ల మీదికి ఎక్కించి, పట్టీలతో నాలుగువైపులా బిగించి కడతారు. పొగగొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సర్ దూరుస్తారు. ల్యాప్‌టాప్ మీద ఒక పట్టిక తెరుచుకుంటుంది: ఒకవైపు ఇంజిన్ వేగం, మరోవైపు సిలిండర్‌లోకి పోతున్న గాలి బరువు, ఒక్కో గడిలో ఒక్కో అంకె. పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలో చెప్పే అంకె అది. ట్యూనర్ ఒక గడిలో డిగ్రీ పెంచుతాడు, బండిని లాగిస్తాడు, ఇంజిన్ కొట్టుకుంటే పసిగట్టే నాక్ సెన్సర్ గొణిగిందేమో చూస్తాడు, గొణిగితే వెనక్కి తగ్గిస్తాడు, పక్క గడికి వెళతాడు. గంటల తరబడి ఇదే. కంపెనీ వేసిన అంకెలు కాలిఫోర్నియాలో దొరికే 91 ఆక్టేన్ పెట్రోలుకూ, మిషిగన్‌లో దొరికే 93కూ, డెన్వర్ ఎత్తుకూ, ఫీనిక్స్ ఎండకూ అన్నిటికీ పనికిరావాలి. అందుకని వాటిలో కొంత జాగా మిగులుతుంది. ట్యూనర్ బతుకంతా ఆ మిగిలిన జాగాలోనే. అంతెందుకు, కాస్త పెద్ద టైర్లు వేసుకుంటే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. దాన్ని సరిచేయాలన్నా కారు కంప్యూటర్‌లోకే వెళ్లాలి.

ఇప్పుడు ఆ పట్టికకు అడ్డంగా డిజిటల్ సంతకం వచ్చింది. ఫైల్‌లో ఒక్క అంకె మారినా కంపెనీ దగ్గరున్న రహస్య తాళంచెవితో మళ్లీ సంతకం పడాలి. పడకపోతే కంప్యూటర్ ఆ ఫైల్‌ని ఒప్పుకోదు. డాడ్జ్ చాలెంజర్, చార్జర్‌లకు 2015 మోడళ్ల నుంచే ఈ బెడద మొదలైంది. బీఎండబ్ల్యూ 2020 జూన్ నుంచి తయారైన కార్లలో ఇంజిన్ కంప్యూటర్‌ను బిగించేసింది. ఆ యజమానులు దాన్ని విప్పి, పెట్టెలో సర్ది, తాళం తీయించుకోవడానికి ఫిన్లాండ్‌కి కొరియర్ చేసిన కాలం ఒకటుంది. 2020 కార్వెట్‌ది ఇదే కథ. 2024 మస్టాంగ్‌ను ట్యూన్ చేయడం మునుపటికంటే చాలా కష్టమవుతుందని దాని చీఫ్ ఇంజినీరే, కారు మార్కెట్లోకి రాకముందే, 2022లో చెప్పేశారు.

ఇక వాదాలకు వద్దాం. అన్నిటికంటే బరువైనది గాలి సంగతి. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే ట్యూనింగ్ అభిమానులతో నాకు పని లేదు. డీజిల్ పికప్పుల్లో పొగవడపోతలు పీకేసి, సాఫ్ట్‌వేర్‌లో వాటి ఊసే లేకుండా చేసి తిరిగేవాళ్లు అమెరికాలో కోకొల్లలు. అంతకుముందు పదేళ్లలో ఇలా వడపోతలు తీసేసిన పికప్పులు ఐదున్నర లక్షలకు పైనే అని పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో లెక్క చెప్పింది. ఆ పొగ పీల్చేది పక్క వీధి పిల్లలు. అది నేరం. దాన్ని సమర్థించే వాక్యం ఈ వ్యాసంలో వెతికినా దొరకదు.

అయితే ఆ ఐదున్నర లక్షల బండ్ల కంప్యూటర్లూ కంపెనీ కాపలాలో ఉన్నవే. కాపలా వాటిని ఆపలేదు. ఆపే పని చేసింది స్వచ్ఛ వాయు చట్టం. పొగనియంత్రణను ఓడించే పరికరాలు తయారు చేయడం, అమ్మడం, బిగించడం 1990 సవరణల నుంచి ఆ చట్టం కింద నిషిద్ధం. బుల్లీ డాగ్, ఎస్‌సీటీ పేర్లతో ట్యూనర్ పరికరాలు అమ్మే డెరైవ్ సిస్టమ్స్ మీద 2018లో కేసు నడిచింది. దాదాపు 3,63,000 పరికరాల లెక్క తేలింది. కంపెనీ జరిమానా కట్టి, తన సరుకును నిబంధనలకు లోబడేలా మార్చుకోవడానికి ఒప్పుకుంది. ఇందులో డిజిటల్ సంతకం చేసిన సాయమేమీ లేదు. పరీక్ష, సాక్ష్యం, కోర్టు, అంతే.

తాళం లోపల ఏం జరుగుతోందో కూడా చూడండి. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, వారిలో భారతీయ విద్యార్థులూ ఉన్నారు, ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కారు వెనక డిక్కీలో పొగ కొలిచే పరికరాలు పెట్టుకుని లాస్ ఏంజెలెస్ నుంచి సియాటిల్ దాకా నడిపారు. ల్యాబులో బుద్ధిగా ఉన్న కారు రోడ్డెక్కగానే వేరే అవతారం ఎత్తుతోందని 2014లో బయటపెట్టారు. స్టీరింగ్ తిరుగుతోందా, వేగం ఎలా మారుతోంది, బండి ఎంతసేపుగా నడుస్తోంది, వీటిని గమనించి ‘ఇప్పుడు పరీక్ష జరుగుతోంది’ అని పసిగట్టే కోడ్ ఇంజిన్ కంప్యూటర్‌లో ఉంది. 2015 సెప్టెంబరు 18న ఈపీఏ ఇచ్చిన మొదటి నోటీసులోనే 4,82,000 కార్లు. నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల వరకు. ఆ మోసం మొదలైంది 2009 మోడల్‌తో. అన్నేళ్లూ ఆ కోడ్ క్షేమంగా తాళం వెనకే ఉంది.

ఆ నోటీసుకు రెండు నెలల ముందు, 2015 జూలైలో, ఇదే ఈపీఏ అమెరికా కాపీరైట్ కార్యాలయానికి ఒక లేఖ రాసింది. కారు సాఫ్ట్‌వేర్‌ను తెరిచి చూసే హక్కు యజమానులకు ఇవ్వొద్దని, ఇస్తే పొగ పెరుగుతుందని ఆ లేఖ సారాంశం. కుర్రాడి ల్యాప్‌టాప్‌ని చూసి భయపడిన సంస్థకు, కంపెనీ చేసిన ఘనకార్యం మాత్రం అప్పటిదాకా తాళం అవతలే ఉండిపోయింది. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అని మనవాళ్లు అన్నది ఇలాంటివాళ్లనే. ఆ ఏడాది డిసెంబరులో జర్మనీలో ఫెలిక్స్ డొమ్కే అనే హ్యాకర్ అలాంటి కంప్యూటర్‌నే విప్పి, కోడ్ చదివి, మోసం ఎక్కడ ఎలా దాక్కుందో హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సభలో చూపించాడు. అంటే గాలికి మేలు చేసింది తాళం విప్పినవాడు.

ఫోక్స్‌వ్యాగన్ ఒక్కటేనా అంటారేమో. రామ్ పికప్పులకు డీజిల్ ఇంజిన్లు తయారుచేసే కమిన్స్ సంగతి చూడండి. 2013 నుంచి 2019 మోడళ్లలో సుమారు 6,30,000 ఇంజిన్లలో ఇలాంటి దొంగ సాఫ్ట్‌వేర్ ఉందన్న అభియోగం మీద ఆ సంస్థ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు 2023 చివర్లో ఒప్పుకుంది. స్వచ్ఛ వాయు చట్టం కింద అప్పటికి అంత పెద్ద పౌర జరిమానా మరొకటి లేదు. ఈపీఏ లెక్కగట్టిన వడపోతలు పీకిన పికప్పుల సంఖ్యను దీని పక్కన పెట్టి చూడండి. దేశమంతా కలిసిన వేల దుకాణాల నేరం ఐదున్నర లక్షల బండ్లు. ఒక్క కంపెనీది ఆరు లక్షల పైచిలుకు. మరి తాళంచెవి ఎవరి చేతిలో ఉండకూడదు?

దారి లేక తాళం వేశామనడానికీ లేదు. దారి కాలిఫోర్నియాలోనే ఉంది. అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు విడిభాగాలకూ, ట్యూన్లకూ పరీక్ష పెడుతుంది. పొగ పెరగడం లేదని తయారీదారు కొలతలతో రుజువు చేస్తే ‘ఎగ్జిక్యూటివ్ ఆర్డర్’ నంబరు ఇస్తుంది; ఆ స్టిక్కర్ బానెట్ కింద అంటిస్తారు. 2021 జూలై 19 నుంచి అక్కడి స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) కేంద్రాలు కారు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ గుర్తింపు కోడ్లను కూడా చదువుతున్నాయి. కంపెనీ సాఫ్ట్‌వేరో, అనుమతి పొందిన ట్యూనో అయితే పాస్. కాకపోతే ఫెయిల్, కారు మళ్లీ మామూలు స్థితికి రావాలి. దేశంలో పొగ మీద అందరికంటే కఠినంగా ఉండే రాష్ట్రం ఎంచుకున్న పద్ధతి ఇది: కొలవడం, చూడడం, తప్పయితే ఆపడం. లోపలికి ఎవరూ తొంగిచూడకూడదనడం కాదు.

ఇంకా సందేహం ఉంటే పొగగొట్టమే లేని కారు సంగతి చూద్దాం. టెస్లా మోడల్ 3లో ఒక రకానికి 2,000 డాలర్లు కడితే త్వరణం పెంచే సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో కొనుక్కునే వీలు 2019 చివర్లో వచ్చింది. కారులో ఒక్క నట్టు కూడా మారదు. ఉన్న సత్తానే వదులుతారు. కెనడాలోని క్యూబెక్‌కు చెందిన ఇంజెనెక్స్ట్ అనే చిన్న సంస్థ దాదాపు అదే పని చేసే చిన్న పరికరాన్ని సుమారు 1,100 డాలర్లకే అమ్మింది. 2020 వేసవిలో టెస్లా గాల్లోంచి పంపిన అప్‌డేట్ ఆ పరికరాన్ని పట్టేసి, కారులో సరిపడని మార్పు ఉందని తెరమీద హెచ్చరించింది. మెర్సిడెస్ 2022లో తన ఈక్యూఈ, ఈక్యూఎస్ కార్లకు అదనపు త్వరణాన్ని ఏడాదికి 1,200 డాలర్ల చందాకు పెట్టింది. ఏటా! మోటారు మీరు కొన్నదే, బ్యాటరీ మీరు కొన్నదే. ఇక్కడ తాళం ఏ గాలిని కాపాడుతోంది?

డెట్రాయిట్ వాళ్లు కనీసం దాచలేదు. డాడ్జ్ అధిపతిగా ఉన్నప్పుడు టిమ్ కునిస్కిస్ రాబోయే ఎలక్ట్రిక్ కార్ల తాళాల గురించి 2022లో చెప్పిన మాటల సారాంశం: మార్చుకోవద్దని తాళం వేయడం లేదు, మా ద్వారానే మార్చుకోమని వేస్తున్నాం. ట్యూన్ చేయడం కష్టమవుతుందన్న మస్టాంగ్‌కే ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ విభాగం 800 హార్స్‌పవర్ ఇచ్చే సూపర్‌చార్జర్ కిట్‌ను సొంత కేటలాగులో అమ్మకానికి పెట్టింది. హార్స్‌పవర్ ప్రమాదకరమైతే కంపెనీ అమ్మినప్పుడు కూడా ప్రమాదకరమే. ఇక్కడ ఆగింది హార్స్‌పవర్ కాదు, పోటీ.

హ్యాకర్ల భయం విషయానికొస్తే, అందరూ చెప్పే ఉదాహరణ 2015 నాటి జీప్. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ ఇంట్లో కూర్చుని, హైవే మీద పోతున్న జీప్ చెరోకీని ఇంటర్నెట్ ద్వారా ఆపేశారు. జీప్ తయారీదారు ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. నిజమే, భయంకరమే. కానీ వాళ్లు దూరింది కారులో కంపెనీ పెట్టిన సెల్యులర్ కనెక్షన్‌లోంచి. డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ కింద కేబుల్ తగిలించినవాడికీ దానికీ సంబంధమే లేదు. అయినా 2018 మోడళ్ల నుంచి ఆ కంపెనీ కార్లలో ఓబీడీ పోర్టు వెనక ‘సెక్యూరిటీ గేట్‌వే’ వచ్చి కూర్చుంది. వీధి చివర మెకానిక్ కొన్ని మామూలు పనులు చేయాలన్నా ముందు పేరు నమోదు చేసుకుని, రుసుము కట్టి, అనుమతి తెచ్చుకోవాలి. బయటినుంచి దూరే దారి కంపెనీ తెరిచింది. శిక్ష యజమానికీ, మెకానిక్‌కీ పడింది.

వారంటీ వాదం మీద ఎక్కువ సేపు నిలబడక్కర్లేదు. ట్యూన్ చేసి ఇంజిన్ పగలగొట్టుకున్నవాడి ఖర్చు కంపెనీ ఎందుకు భరించాలి? భరించక్కర్లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం కూడా మరొకరి విడిభాగం ఉందన్న సాకుతో వారంటీ ఎగ్గొట్టొద్దంటుంది గానీ, ఆ భాగమే నష్టానికి కారణమైతే బాధ్యత తీసుకోమనదు. కారు కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఎన్నిసార్లు తిరగరాశారో గుర్తుంచుకునే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. ఆడి, ఫోక్స్‌వ్యాగన్ డీలర్లు ట్యూన్ చేసిన కారుకు టీడీ1 అనే గుర్తు తగిలించి వారంటీని పక్కన పెట్టే పద్ధతి ఏళ్లుగా నడుస్తోంది. చేసినవాణ్ణి పట్టుకునే దారి ఉన్నప్పుడు, చేయనివాళ్ల చేతులు కూడా కట్టేయడం దేనికి?

అన్నిటికంటే విడ్డూరం చట్టంలో ఉంది. 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం సినిమాల్లాంటి వాటి డిజిటల్ దొంగ నకళ్లను ఆపడానికి పుట్టింది. దాని 1201వ సెక్షన్ ప్రకారం సాఫ్ట్‌వేర్ తాళాన్ని విప్పడమే నేరం. ఆ వలలో కార్లూ, ట్రాక్టర్లూ పడ్డాయి. ట్రాక్టర్ కొన్న రైతుకు దాని సాఫ్ట్‌వేర్ మీద ఉన్నది వాడుకునే అనుమతి మాత్రమేనని జాన్ డీర్ 2015లో వాదించింది. కారు సొంతం కావడం వేరు, అందులోని సాఫ్ట్‌వేర్ సొంతం కావడం వేరని జనరల్ మోటార్స్ వాదించింది. అదే ఏడాది అక్టోబరులో కాపీరైట్ కార్యాలయం సిఫార్సు మీద మినహాయింపు వచ్చింది: మరమ్మతుకూ, చట్టబద్ధమైన మార్పులకూ యజమాని తన బండి తాళం తీసుకోవచ్చు. అమల్లోకి రావడానికి మాత్రం ఏడాది ఆగాలి. 2018లో మరొకరి చేత తీయించుకోవడానికీ వీలు కలిగింది. కానీ తాళం తీసే పనిముట్టును తయారు చేసి అమ్మడం నేరంగానే ఉంది. మినహాయింపులు సిఫార్సు చేసే కార్యాలయానికి దాన్ని మార్చే అధికారం లేదు, అమెరికా చట్టసభ కాంగ్రెస్ మార్చాలి. తలుపు తీసుకునే హక్కు ఉంది, తాళంచెవి చేయించుకునే హక్కు లేదు. కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు తప్ప ఇది ఎవరికి పనికొస్తుంది? ఆ హక్కయినా మూడేళ్లకోసారి అడుక్కోవాలి.

మన దగ్గర చట్టం మరింత కఠినమని కొందరు గుర్తు చేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అది నాకు నచ్చకపోవచ్చు. కానీ అది పార్లమెంటు చేసిన చట్టం. దాన్ని ప్రశ్నించవచ్చు, సవరించమని అడగవచ్చు, కోర్టులో వాదించి ఓడిపోనూవచ్చు. కంపెనీ సర్వర్‌లో దాచిన సంతకంతో ఎవరు వాదిస్తారు? ఏది తప్పో తేల్చే పని ప్రజలు ఎన్నుకున్నవాళ్లది, న్యాయమూర్తులది. దాన్ని కారు అమ్మినవాడి చేతికి ఇచ్చేసి బాధ్యత అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.

కావాల్సింది పెద్ద చిట్టా కాదు. యజమాని అడిగితే కంపెనీ సంతకం చేసే తాళంచెవి ఇవ్వాలి. ఇచ్చినట్టు కారులో గుర్తు ఉండిపోవాలి, వారంటీ లెక్కలు ఆ గుర్తు చూసుకుంటాయి. చట్టబద్ధమైన పనికి వాడే పనిముట్టును అమ్మడం నేరం కాదని కాంగ్రెస్ 1201ని సవరించాలి. పొగను కాలిఫోర్నియా కొలిచినట్టు ప్రతి రాష్ట్రం కొలవాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అదే అనుమానంతో కొలవాలి. వడపోత పీకినవాడిని మాత్రం వదలొద్దు, వాడి దుకాణం మూతపడినా నేను జాలిపడను.

2024 అక్టోబరులో పొడిగించిన మినహాయింపు గడువు 2027 అక్టోబరులో తీరిపోతుంది. గత విడత అర్జీల ప్రక్రియ గడువుకు ఏడాదికి పైగా ముందే, 2023 జూన్‌లోనే మొదలైంది. కాపీరైట్ కార్యాలయానికి అభిప్రాయం పంపడానికి లాయరే కానక్కర్లేదు. అక్కడికి వెళ్లే కాగితాల్లో కంపెనీల న్యాయవాదుల వాదనలు ఎప్పుడూ ఉంటాయి. ఆ కోడ్ రాసేవాళ్లలో, పరీక్షించేవాళ్లలో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఉద్యోగ నిబంధనలు అడ్డు రానివాళ్లయినా ఈసారి తమకు తెలిసింది రాసి పంపాలి.